గడువు తీరిన క్రోమ్‌బుక్‌లో లినక్స్: చిక్కుముడి ఎక్కడుంది?

తక్కువ ధరకు ఆన్‌లైన్‌లో దొరికే రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్‌లలో చెప్పుకోదగ్గ భాగం క్రోమ్‌బుక్‌లే, అంటే విండోస్‌కు బదులు గూగుల్ వారి క్రోమ్‌ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్‌లు. లెనోవో, డెల్, ఏసర్, హెచ్‌పీ కంపెనీలు బడిపిల్లల కోసం తయారుచేసిన ఈ యంత్రాలు కొన్నేళ్లు తరగతి గదుల్లో పనిచేసి, ఆ తర్వాత పెద్ద ఎత్తున పాత సరుకు మార్కెట్‌కు చేరతాయి. గట్టిగా ఉంటాయి, బ్యాటరీ చాలాసేపు నిలుస్తుంది, చాలావాటిలో ఫ్యాన్ ఉండదు కనుక చప్పుడే చేయవు. ధర చూసి ఇంట్లో చదువుకునే పిల్లల కోసం కొన్నవారికి ఏదో ఒకరోజు తెరమీద ఒక సందేశం కనిపిస్తుంది: ఈ పరికరానికి ఇకమీదట అప్‌డేట్లు రావు. అక్కడినుంచి మొదలయ్యే వెతుకులాట దాదాపు ఎప్పుడూ ‘ఏ లినక్స్ మంచిది?’ అన్న ప్రశ్నతోనే మొదలవుతుంది.

నిజానికి అది అన్నిటికన్నా చివర అడగవలసిన ప్రశ్న. యంత్రంలో ఉన్నది ఇంటెల్ ప్రాసెసరా, ఏఆర్ఎమ్ ప్రాసెసరా, దాని మదర్‌బోర్డు సంకేతనామం ఏమిటి, ఫర్మ్‌వేర్‌కు (యంత్రాన్ని మేల్కొలిపే తొలి ప్రోగ్రామ్‌కు) ఉన్న రైట్ ప్రొటెక్ట్ (దాన్ని మార్చనివ్వని కాపలా) ఏ రకానిది అన్న మూడు సంగతులు ముందు తేలాలి. ఇవి తేలితే లినక్స్ ఎక్కించడం ఒక పూట పని. తేలకపోతే ఎంత మంచి డిస్ట్రో (లినక్స్ రకం) తెచ్చుకున్నా పెన్‌డ్రైవ్ నుంచి బూట్ కూడా కాదు. క్రోమ్‌బుక్ విషయంలో మనం మార్చబోయేది ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కటే కాదు, దాని కింద ఉన్న ఇంకో పొరను కూడా కదిలించాలి. ఆ సంగతి తెలియకుండా మొదలుపెట్టినవారే మధ్యలో ఆగిపోతుంటారు.

గడువు తీరడం అంటే ఏమిటి

మొదటి క్రోమ్‌బుక్‌లు 2011 జూన్‌లో శాంసంగ్, ఏసర్ పేర్లతో వచ్చాయి. అప్పటినుంచీ ప్రతి మోడల్‌కూ గూగుల్ ఒక ఆటో అప్‌డేట్ గడువు పెడుతూ వస్తోంది. తొలి రోజుల్లో ఇది కొద్ది ఏళ్లే ఉండేది, క్రమంగా ఆరున్నర ఏళ్లకూ, తర్వాత 8 ఏళ్లకూ పెరిగింది. 2021 నుంచి వచ్చిన హార్డ్‌వేర్‌కు 10 ఏళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని 2023 సెప్టెంబరులో గూగుల్ ప్రకటించింది. అంతకుముందు వచ్చిన కొన్ని మోడళ్లకు కూడా, యజమాని కోరుకుంటే గడువు పొడిగించుకునే వీలు కల్పించింది. కాబట్టి గడువు సందేశం చూడగానే స్క్రూడ్రైవర్ తీయకుండా, సెట్టింగ్స్‌లో ‘అబౌట్ క్రోమ్‌ఓఎస్’ విభాగానికి వెళ్లి ఆ పొడిగింపు మీ మోడల్‌కు వర్తిస్తుందేమో ముందు చూసుకోవాలి.

ఈ గడువును మనం కొన్న రోజు నుంచి కాకుండా, ఆ హార్డ్‌వేర్ మొదటిసారి విడుదలైన నాటి నుంచి లెక్కిస్తారు. ఎన్నో ఏళ్ల కిందటి మోడల్‌ను నిన్న కొన్నా, దాని గడువు ఎప్పుడో తీరిపోయి ఉండవచ్చు. అమ్మేవారి ప్రకటనల్లో ర్యామ్ ఎంతో, స్టోరేజీ ఎంతో రాస్తారు గాని ఈ తేదీ రాసేవారు అరుదు. అమెరికాలో యూఎస్ పిర్గ్ అనే వినియోగదారుల సంస్థ 2023 ఏప్రిల్‌లో వెలువరించిన నివేదిక ప్రధానంగా ఎత్తిచూపింది కూడా ఇదే: శుభ్రంగా పనిచేస్తున్న యంత్రాలు కేవలం ఒక తేదీ దాటినందువల్ల చెత్తకుప్పలోకి చేరుతున్నాయని. గూగుల్ తన విధానం మార్చుకున్నది ఆ తర్వాత కొద్ది నెలలకే. అదే ఏడాది అక్టోబరులో హెచ్‌పీ, గూగుల్ కలిసి చెన్నై దగ్గర క్రోమ్‌బుక్‌ల తయారీ మొదలుపెట్టాయి. ఆ కొత్త యంత్రాలకు ఈ వ్యాసంతో ఇప్పట్లో పనిలేదు.

గడువు తీరాక యంత్రం ఆగిపోదు. క్రోమ్‌ఓఎస్‌లో బ్రౌజరూ ఆపరేటింగ్ సిస్టమూ కలిసే అప్‌డేట్ అవుతాయి కనుక, అప్‌డేట్ ఆగిన రోజున బ్రౌజర్ కూడా అక్కడే నిలిచిపోతుంది. ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలు వేటికీ మరమ్మతు ఉండదు. కొన్నాళ్లకు వెబ్‌సైట్లు కూడా ‘మీ బ్రౌజర్ పాతది’ అని మొరాయిస్తాయి. అలాంటి యంత్రంలో బ్యాంకు ఖాతా తెరవడం ప్రమాదం. లినక్స్ వేసుకోవడానికి నా దృష్టిలో గట్టి కారణం ఇదే. కొత్త రూపం కోసమో, వేగం పెరుగుతుందన్న ఆశతోనో చేస్తే నిరాశ తప్పకపోవచ్చు.

లోపల ఉన్నది కూడా లినక్సే

క్రోమ్‌ఓఎస్ నడిచేది లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి భాగం) మీదనే. దాన్ని నిర్మించే పద్ధతికి జెంటూ అనే డిస్ట్రో వారి పోర్టేజ్ ప్యాకేజీ వ్యవస్థ ఆధారం. అందువల్ల ఈ హార్డ్‌వేర్‌కు కావలసిన డ్రైవర్లలో చాలావాటిని గూగుల్, ఇంటెల్ ఇంజనీర్లే లినక్స్ కోసం రాశారు. ఇది మనకు కలిసివచ్చే అంశం. చవక విండోస్ ల్యాప్‌టాప్‌లలో వై-ఫై చిప్‌కు డ్రైవర్ దొరక్క పడే అవస్థ ఇక్కడ తక్కువ. చాలా ఇంటెల్ క్రోమ్‌బుక్‌లలో వై-ఫై కూడా ఇంటెల్‌దే కనుక మొదటి బూట్‌లోనే పనిచేస్తుంది.

గడువు ఇంకా మిగిలి ఉన్నవారికి నేను చెప్పే మాట వేరు. 2018 నుంచి క్రోమ్‌ఓఎస్‌లోనే ఒక వర్చువల్ మెషీన్‌లో (యంత్రంలోపలి ఊహాయంత్రంలో) డెబియన్ అనే డిస్ట్రోను నడుపుకునే ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేస్తే టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) వస్తుంది, లిబ్రెఆఫీస్, జింప్, పైథాన్ లాంటివి వేసుకోవచ్చు, అవి మామూలు యాప్‌ల పక్కనే కనిపిస్తాయి. పైథాన్ నేర్చుకోవడానికో, ఒక పుస్తకం టైపు చేసుకోవడానికో అయితే ఇది చాలు. ర్యామ్ 4 జీబీ మాత్రమే ఉన్నప్పుడు కొంచెం బరువనిపిస్తుంది గాని, అప్‌డేట్లు వస్తున్న యంత్రాన్ని విప్పదీయడంకన్నా అదే మేలు. ఇక్కడినుంచి చెప్పబోయేదంతా గడువు నిజంగానే తీరిన యంత్రాల గురించి.

ఈ పోలికలో విండోస్ ల్యాప్‌టాప్ ఎంత సులువో కూడా తెలియాలి. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక ఎంతోమంది ఆ యంత్రాల్లో లినక్స్ వేసుకుంటున్నారు. వాటిలో యూఈఎఫ్ఐ అనే ప్రామాణిక ఫర్మ్‌వేర్ ఉంటుంది. పెన్‌డ్రైవ్ పెట్టి, బూట్ మెనూ తెరిచి, ఇన్‌స్టాల్ చేసుకోవడమే. డిస్కుకు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందుగా రాసిపెట్టుకోవడం, దస్త్రాలు వేరేచోట దాచుకోవడం తప్ప పెద్ద తతంగం లేదు. క్రోమ్‌బుక్‌లో ఆ బూట్ మెనూయే ఉండదు.

బూట్ అయ్యేటప్పుడు జరిగేది

క్రోమ్‌బుక్ పవర్ మీట నొక్కగానే మదర్‌బోర్డు మీది ఒక చిన్న ఫ్లాష్ చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్ మేలుకుంటుంది. ఆ చిప్‌లో ఒక భాగం మార్చడానికి వీల్లేనిది, ఇంకో భాగం అప్‌డేట్లతో మారేది. మారనిది ముందు లేచి, మారేదాని మీద ఉన్న డిజిటల్ సంతకాన్ని తనలోని తాళపుచెవితో సరిచూస్తుంది. అది సరిపోతే మారే భాగం కెర్నల్ సంతకాన్ని చూస్తుంది. కెర్నల్ లేచాక, డిస్కు మీది సిస్టమ్ దస్త్రాలను చదివే ప్రతిసారీ, ఒక్కో బ్లాకునూ ముందే లెక్కకట్టి పెట్టిన విలువతో పోల్చుకుంటూ పోతుంది. ఎక్కడ తేడా వచ్చినా బూట్ ఆగిపోతుంది. ఈ ఏర్పాటుకు వెరిఫైడ్ బూట్ అని పేరు. బడిపిల్లల చేతిలో పెట్టే యంత్రంలో వైరస్ చేరినా, రీస్టార్ట్ చేస్తే పోయేట్టు చేయడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. దీన్ని అనవసరపు నిర్బంధంగా చూడటం సరికాదు. గూగుల్ సంతకం లేని ఏ కెర్నలూ లేవకూడదన్నది దాని ఉద్దేశం. మన డెబియన్ మీద ఆ సంతకం ఉండదు. చిక్కంతా అంతే.

దీన్ని దాటే మొదటి మెట్టు డెవలపర్ మోడ్. ఇది గూగులే ఇచ్చిన దారి. ట్యాబ్లెట్లను మినహాయిస్తే చాలా మోడళ్లలో ఎస్కేప్, రిఫ్రెష్ మీటలను నొక్కిపట్టి పవర్ మీట నొక్కితే రికవరీ తెర వస్తుంది. పాత మోడళ్లలో ఆ తెరమీద ‘క్రోమ్‌ఓఎస్ లేదు, లేదా పాడైంది’ అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. మొదటిసారి చూసినవారు యంత్రం చెడిపోయిందనుకుంటారు. చెడిపోలేదు, ఆ మీటలు నొక్కిన ప్రతిసారీ అదే వాక్యం వస్తుంది. అక్కడ కంట్రోల్, డీ మీటలు కలిపి నొక్కి, అడిగినప్పుడు ఎంటర్ నొక్కితే వెరిఫికేషన్ ఆఫ్ అవుతుంది. దాంతోపాటే యంత్రంలోని వ్యక్తిగత సమాచారమంతా చెరిగిపోతుంది కాబట్టి, డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఫోటోలూ ఫైళ్లూ ముందే బయటికి తీసుకోవాలి.

ఆ తర్వాత యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ ‘వెరిఫికేషన్ ఆఫ్‌లో ఉంది’ అన్న హెచ్చరిక తెర వచ్చి, అర నిమిషం ఆగి, బీప్‌మని మోగి అప్పుడు ముందుకు వెళ్తుంది. కంట్రోల్-డీ నొక్కితే ఆగకుండా వెళ్తుంది. ప్రమాదం ఎక్కడంటే, పాత మోడళ్లలో అదే తెరమీద స్పేస్ మీట నొక్కి, ఎంటర్ కొడితే వెరిఫికేషన్ తిరిగి ఆన్ అయి సమాచారం మళ్లీ చెరిగిపోతుంది. తెరమీద రాసి ఉన్న సూచన కూడా అదే చేయమంటుంది. ఇంట్లో ఇంకొకరు తెలియక ఆ సూచన పాటించారంటే మీ పని మొదటికొస్తుంది. నలుగురు వాడే ల్యాప్‌టాప్‌ను కేవలం డెవలపర్ మోడ్ మీద ఆధారపడి నడపవద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

రెండు దారులు

డెవలపర్ మోడ్ వచ్చాక కూడా పెన్‌డ్రైవ్‌లోని మామూలు లినక్స్ బూట్ కాదు. ఆ లినక్స్‌ను లేపడానికి కావలసిన భాష ఫర్మ్‌వేర్‌కు తెలియదు. దానికి ఆ భాష నేర్పే రెండు పద్ధతులనూ మిస్టర్‌క్రోమ్‌బాక్స్ అనే పేరుతో నడిచే స్వచ్ఛంద ప్రాజెక్టు ఏళ్ల తరబడి అందిస్తోంది. దాని ఫర్మ్‌వేర్ యుటిలిటీ స్క్రిప్టును క్రోమ్‌ఓఎస్ టెర్మినల్ నుంచే నడిపిస్తారు. ఏ మోడల్‌కు ఏది వర్తిస్తుందో ఆ ప్రాజెక్టు పట్టికలో ఉంటుంది.

మొదటి పద్ధతిలో ఫర్మ్‌వేర్ చిప్‌లో ‘లెగసీ’ కోసం కేటాయించిన చిన్న భాగాన్ని మాత్రమే మార్చుతారు. మిగతాది గూగుల్ ఇచ్చినట్టే ఉంటుంది, యంత్రాన్ని విప్పవలసిన పనిలేదు. హెచ్చరిక తెర వచ్చినప్పుడు కంట్రోల్-ఎల్ నొక్కితే లినక్స్, కంట్రోల్-డీ నొక్కితే క్రోమ్‌ఓఎస్. ఈ సదుపాయం అన్ని మోడళ్లకూ లేదు గాని, ఉన్నవాటిలో దీన్ని ముందు ప్రయత్నించడం తెలివైన పని. లైవ్ పెన్‌డ్రైవ్‌తో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్‌తో) బూట్ చేసి వై-ఫై, టచ్‌ప్యాడ్, స్పీకరు, వెలుతురు తగ్గించే మీటలు పనిచేస్తున్నాయో లేదో యంత్రం విప్పకుండానే తేల్చుకోవచ్చు. అయితే దీన్నే శాశ్వతంగా పెట్టుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని మోడళ్లలో బ్యాటరీ పూర్తిగా అయిపోతే, లెగసీ బూట్‌ను అనుమతించే గుర్తు కూడా చెరిగిపోతుంది. దాన్ని తిరిగి పెట్టాలంటే క్రోమ్‌ఓఎస్ టెర్మినల్ కావాలి. అప్పటికే క్రోమ్‌ఓఎస్‌ను చెరిపేసి లినక్స్ వేసుకున్నవారికి ఆ టెర్మినల్ ఉండదు. సెలవుల్లో బీరువాలో పెట్టి మరిచిపోయిన ల్యాప్‌టాప్ తిరిగి తీసేసరికి బూట్ కాకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే.

రెండో పద్ధతి, ఫర్మ్‌వేర్ మొత్తాన్ని మార్చేయడం. కోర్‌బూట్ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ మీద యూఈఎఫ్ఐ పొర అమర్చిన ప్రతిని చిప్‌లోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత అది మామూలు ల్యాప్‌టాప్ అవుతుంది. హెచ్చరిక తెర ఉండదు, అర నిమిషం నిరీక్షణ ఉండదు, స్పేస్ మీట భయం ఉండదు, బూట్ మెనూ వస్తుంది. బదులుగా క్రోమ్‌ఓఎస్ ఇక నడవదు. దీర్ఘకాలం వాడదలచినవారికి ఇదే సరైన దారి. దీనికి రైట్ ప్రొటెక్ట్ తీసేయాలి.

రైట్ ప్రొటెక్ట్‌ను దగ్గరనుంచి చూస్తే

పాత ఆడియో క్యాసెట్ వెన్నువైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పలకను విరిచేస్తే దానిమీద ఇక రికార్డు అయ్యేది కాదు. అచ్చం అలాంటి భౌతికమైన కాపలాయే ఇక్కడా ఉంది, కాకపోతే తిరగేసి: క్రోమ్‌బుక్‌లో ఉన్నదాన్ని తొలగిస్తేనే రాయడం కుదురుతుంది. సాఫ్ట్‌వేర్‌తో ఎవరూ దూరంనుంచి దీన్ని మార్చలేరు; యంత్రాన్ని చేతిలోకి తీసుకున్నవారే మార్చగలరు. 2013లో వచ్చిన ఏసర్ సీ720 లాంటి పాత మోడళ్లలో ఇది ఒక స్క్రూ. అడుగు మూత తీస్తే, మదర్‌బోర్డు మీద రెండు ముక్కలుగా చీలిన ఒక లోహపు వలయం మీద ఈ స్క్రూ బిగించి కనిపిస్తుంది. మిగతా స్క్రూల కింద వలయం నిండుగా ఉంటుంది, దీని కింద మాత్రం మధ్యలో సన్నని చీలిక ఉంటుంది. స్క్రూ తల ఆ రెండు ముక్కలనూ కలిపినంతసేపూ చిప్‌లోని రక్షిత భాగం మీద రాయడం కుదరదు. తీసేస్తే కుదురుతుంది. అంతే. ఎడాపెడా అన్ని స్క్రూలూ విప్పేబదులు ఆ చీలిక కోసం చూడాలి.

సుమారు 2017 నుంచి వచ్చిన మోడళ్లలో గూగుల్ సొంత భద్రతా చిప్ ఈ పనిని చూసుకుంటుంది. బ్యాటరీ తగిలించి ఉన్నంతసేపూ అది రక్షణను ఆన్‌లో ఉంచుతుంది. కాబట్టి మూత తీసి, బ్యాటరీ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి జాగ్రత్తగా ఊడదీసి, ఛార్జర్ ఒక్కదానిమీదే యంత్రాన్ని నడిపి స్క్రిప్టును పూర్తిచేస్తారు. ఆ సమయంలో కరెంటు పోతే చిప్ మీద సగం రాత మిగిలి యంత్రం మూగబోతుంది. మన ఊళ్లలో ఇది ఊహించని సంగతేమీ కాదు. ఇన్వర్టర్‌కు గాని, యూపీఎస్‌కు గాని తగిలించిన ప్లగ్‌లోనే ఈ పని చేయండి. విప్పకుండా ప్రత్యేకమైన డీబగ్ కేబుల్‌తో చేసే మార్గం కూడా ఉంది గాని, ఆ కేబుల్ మన దగ్గర అంత సులభంగా దొరకదు.

రాసే ముందు స్క్రిప్టు ఒక ప్రశ్న అడుగుతుంది: ఇప్పుడున్న అసలు ఫర్మ్‌వేర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి బ్యాకప్ తీయమంటారా అని. తప్పక తీయమని చెప్పాలి. ఆ ఫైల్‌లో మీ యంత్రం సీరియల్ నంబరు వంటి వివరాలు ఉంటాయి, ఇంకొకరి క్రోమ్‌బుక్ బ్యాకప్ దానికి ప్రత్యామ్నాయం కాదు. తిరిగి క్రోమ్‌ఓఎస్ కావాలనుకుంటే ముందు ఈ ఫైల్‌తో పాత ఫర్మ్‌వేర్‌ను నిలిపి, తర్వాత గూగుల్ రికవరీ యుటిలిటీతో తయారుచేసిన పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్‌ను వేసుకుంటారు. రాత మధ్యలో చెడినప్పుడు కూడా ఈ ఫైలే అక్కరకొస్తుంది. చిప్ కాళ్లకు క్లిప్పు తగిలించి రాసే సీహెచ్341ఏ అనే చిన్న ప్రోగ్రామర్ పరికరంతో దాన్ని తిరిగి ఎక్కించవచ్చు. ల్యాప్‌టాప్ బయాస్ రిపేర్లు చేసేవారి దగ్గర ఈ పరికరం ఉండడం మామూలే. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి కంప్యూటర్ బజార్లలో అడిగితే చేసిపెట్టేవారు దొరుకుతారు.

కొనే ముందే తేల్చుకోవలసినవి

పైన చెప్పినదంతా ఇంటెల్ (కొన్ని ఏఎమ్‌డీ) ప్రాసెసర్లు ఉన్న క్రోమ్‌బుక్‌లకే వర్తిస్తుంది. మీడియాటెక్, క్వాల్‌కామ్, రాక్‌చిప్ సంస్థల ఏఆర్ఎమ్ ప్రాసెసర్లున్న వాటికి ఈ ఫర్మ్‌వేర్లు లేవు. వాటికోసం పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ లాంటి ప్రాజెక్టులు ఒక్కో బోర్డుకు విడిగా ఇమేజ్‌లు తయారుచేస్తాయి. అనుభవం ఉన్నవారు ప్రయత్నించవచ్చు గాని, మొదటిసారి లినక్స్ వేసుకునేవారికి నేను సలహా ఇవ్వను. పేర్లు చూసి మోసపోయే అవకాశం ఎంత ఉందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. లెనోవో ఎన్23 క్రోమ్‌బుక్‌లో ఇంటెల్ సెలెరాన్ ఉంటుంది, దాని బోర్డు సంకేతనామం రెక్స్. లెనోవో ఎన్23 యోగా క్రోమ్‌బుక్‌లో మీడియాటెక్ ఉంటుంది, దాని బోర్డు హానా. పేరులో ఒక్క మాట తేడా, పనిలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత దూరం. అందుకే మోడల్ పేరుకన్నా బోర్డు పేరు అడగాలి. యంత్రం చేతికి వచ్చాక రికవరీ తెర అడుగున చిన్న అక్షరాల్లో అది కనిపిస్తుంది.

పాత సరుకులో ఇంకో పెద్ద మెలిక ఎన్‌రోల్‌మెంట్. బడిగాని, సంస్థగాని తమ నిర్వహణ ఖాతాకు జతచేసుకున్న క్రోమ్‌బుక్‌ను ఆ జాబితాలోంచి తీసేయకుండా అమ్మేస్తే, ఎన్నిసార్లు చెరిపి మొదలుపెట్టినా అది ఆ సంస్థ పేరుతోనే లాగిన్ అడుగుతుంది. డెవలపర్ మోడ్‌ను కూడా ఆ సంస్థ విధానం అడ్డుకోవచ్చు. ఇలాంటిది వస్తే దాన్ని ఎలా దాటాలా అని ఆలోచించే బదులు, వాపసు గడువులోపు తిరిగి పంపేయడమే ఉత్తమం. కొన్న వెంటనే, ఇంకేమీ చేయకముందే, ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదటి లాగిన్ తెర ఏమంటుందో చూడండి.

ర్యామ్, స్టోరేజీ రెండూ చాలా మోడళ్లలో బోర్డుకే అతికించి ఉంటాయి, తర్వాత పెంచడం కుదరదు. సీ720లో స్టోరేజీ చిన్న ఎం.2 కార్డు రూపంలో ఉండి మార్చుకోవడానికి వీలుండేది. ఆ తర్వాత వచ్చిన చవక మోడళ్లలో ఎక్కువభాగం అతికించిన ఈఎమ్ఎమ్‌సీ స్టోరేజీ చిప్పే. లినక్స్ మింట్ అనే డిస్ట్రో తన కనీస అవసరాల్లో 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు అని చెబుతుంది. అంటే 16 జీబీ స్టోరేజీ ఉన్న యంత్రంలో అది కుదరనట్టే. 4 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీకి తక్కువ ఉన్నదాన్ని ఇప్పుడు కొనవద్దు. ఇప్పటికే చేతిలో ఉంటే, డెబియన్‌ను తక్కువ ప్యాకేజీలతో, ఎల్ఎక్స్‌క్యూటీ గాని ఎక్స్‌ఎఫ్‌సీఈ గాని తేలికపాటి డెస్క్‌టాప్‌తో వేసుకుంటే 16 జీబీలో కూడా ఇముడుతుంది. పుస్తకాలూ పాటలూ ఎస్‌డీ కార్డులో పెట్టుకోవచ్చు.

డిస్ట్రో ప్రశ్నకు ఇంతకన్నా పొడవైన జవాబు అక్కరలేదు. 32 జీబీ ఉంటే మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ, లేకపోతే డెబియన్. స్నాప్, ఫ్లాట్‌పాక్ రూపంలో వచ్చే అప్లికేషన్లు ఒక్కోటి వందల మెగాబైట్లు తింటాయి కనుక వాటికి దూరంగా ఉండటం మంచిది. అన్నిటికన్నా ముఖ్యంగా జెడ్‌ర్యామ్ ఆన్ చేసుకోవాలి. ర్యామ్‌లో అప్పటికి వాడని భాగాన్ని కుదించి ర్యామ్‌లోనే దాచే ఏర్పాటు ఇది. క్రోమ్‌ఓఎస్ 4 జీబీతో అంత సాఫీగా నడవడానికి ఒక కారణం అదే. ఫెడోరా అనే డిస్ట్రో 2020 నుంచి దీన్ని ముందే ఆన్ చేసి ఇస్తోంది, డెబియన్‌లో ఒక చిన్న ప్యాకేజీ వేసుకోవాలి. ఇంత చేసినా, తెరిచే వెబ్ పేజీ బరువు లినక్స్ వల్ల తగ్గదు. పది ట్యాబ్‌లు తెరిస్తే ఏ డిస్ట్రోలోనైనా నెమ్మదిస్తుంది.

వేసుకున్నాక ఎదురయ్యేవి

మొదట మూగబోయేది స్పీకర్. క్రోమ్‌బుక్‌లలో సౌండ్ చిప్, యాంప్లిఫయర్, మైకు ఒక్కో బోర్డులో ఒక్కోలా కలిపి ఉంటాయి. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో చెప్పే ఆకృతీకరణ ఫైళ్లు క్రోమ్‌ఓఎస్‌తోపాటు వస్తాయి, మామూలు డిస్ట్రోల్లో అన్నీ ఉండవు. క్రోమ్‌బుక్ ఆడియో కోసం ఔత్సాహికులు రాసిన స్క్రిప్టు ఆ ఫైళ్లను తెచ్చి పెడుతుంది, చాలా బోర్డులకు దాంతో శబ్దం వస్తుంది. కొన్ని బోర్డులలో యాంప్లిఫయర్‌కు సరిపడని డ్రైవర్‌ను బలవంతంగా పెడితే స్పీకర్లు కాలిపోయే ప్రమాదం ఉందని ఆ స్క్రిప్టే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వస్తే అక్కడితో ఆగి, బ్లూటూత్ గాని, యూఎస్‌బీ గాని హెడ్‌ఫోన్ వాడుకోండి.

కీబోర్డులో క్యాప్స్ లాక్ ఉండాల్సిన చోట సెర్చ్ మీట ఉంటుంది, డిలీట్ మీట ఉండదు, పైవరుసలో ఎఫ్1, ఎఫ్2 లకు బదులు వెనక్కి, రిఫ్రెష్, వెలుతురు, శబ్దం బొమ్మలుంటాయి. ఫర్మ్‌వేర్ మార్చాక లినక్స్ వాటిని మామూలు ఎఫ్ మీటలుగానే చదవవచ్చు. కీడీ అనే చిన్న సాధనంతో ఆ బొమ్మలకు తగిన పనులే మళ్లీ అప్పగించవచ్చు.

భద్రతలో ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. అప్‌డేట్ అయ్యే బ్రౌజర్ తిరిగి చేతికొస్తుంది. వెరిఫైడ్ బూట్ పోతుంది. క్రోమ్‌ఓఎస్ ప్రతి వాడుకరి ఫైళ్లనూ తనంతట తాను ఎన్‌క్రిప్ట్ చేసేది, ఇప్పుడు ఆ బాధ్యత మనది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే డిస్కు మొత్తాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే ఎంపికను టిక్ చేయాలి. తర్వాత చేద్దామంటే మళ్లీ మొదటినుంచి రావలసిందే. విద్యార్థులు ఇంకొకటి చూసుకోవాలి: కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది, అలాంటి పరీక్ష రాయవలసి ఉంటే లినక్స్ యంత్రం ఒక్కదానిమీదే ఆధారపడటం కుదరదు.

తెలుగు మాటకొస్తే, ఇది లినక్స్‌లో ఏనాడో తీరిన సమస్య. స్వేచ్ఛ సంస్థ తెలుగు కోసమే ఒక లినక్స్‌ను రూపొందించిన రోజులనుంచి ఇప్పటివరకూ జరిగిన పని వల్ల, ఈనాడు ఏ పెద్ద డిస్ట్రోలోనైనా ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కనిపిస్తాయి. డెబియన్‌లో పోతన, వేమన, లోహిత్ ఖతులు ప్యాకేజీలుగా ఉన్నాయి. సిలికానాంధ్ర పూనికతో వచ్చిన తెలుగు విజయం ఖతులు కూడా ఒకే ప్యాకేజీగా దొరుకుతాయి. టైపింగుకు ఐబస్ అనే సాధనంతోపాటు దాని ఎం17ఎన్ మాడ్యూలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, యాపిల్, పోతన, ఆర్‌టీఎస్ నాలుగు పద్ధతులూ వస్తాయి. అంటే వీటిలో ఏ కీబోర్డుకు చేయి అలవాటు పడినవారైనా దానితోనే రాయవచ్చు. చిక్కల్లా అను ఫాంట్లతోనే. మన పత్రికల్లో, ప్రింటింగ్ ప్రెస్సుల్లో దశాబ్దాలుగా వాడుతున్న అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం చేసినది, దానితో కంపోజు చేసిన పాఠ్యం యూనికోడ్ కాదు. డీటీపీ పని చేసేవారు పేజ్‌మేకర్ ఫైళ్లను ఈ క్రోమ్‌బుక్‌లో ఉన్నవున్నట్టు వాడుకోలేరు. పాఠ్యాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకొని లిబ్రెఆఫీస్‌లోనో, పేజీలు దిద్దే స్క్రైబస్‌లోనో మళ్లీ పేర్చుకోవాలి. కొత్తగా రాయడం మొదలుపెట్టేవారికి, యూనికోడ్‌లోనే పనిచేసే రచయితలకు, అనువాదకులకు ఆ అడ్డంకి లేదు.